జంతువులకు దుఃఖం ఉంటుందా?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు అడవుల్లో తీసిన ఫొటోలు ఓ అరగంట చూపించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. అడవి ఫొటోలనగానే అందరూ పులి కోసం చూస్తారు. నా దగ్గర పులి లేదు. ఒక పులి సంగతి చెబుతాను గానీ అందులోనూ పులి కనపడదు. ముందే చెప్పేస్తే ఎవరూ నిరాశ పడరు గదా. ఈ మాటల్ని సంచికలో కూడా వేస్తామన్నారు కాబట్టి, తెర మీద ఉన్నది మాటల్లోనూ చెబుతూ పోతాను.

మొదటి దానికి ఫొటో లేదు. ఆ రోజుల్లో మన ఊళ్లోకి కెమెరా పెళ్లిళ్లకు తప్ప వచ్చేది కాదు. 1977 నవంబరు 19. ఆ తేదీ గురించి ఇక్కడ చాలామందికి నేను చెప్పక్కర్లేదు. దివిసీమ మీద, రేపల్లె వైపు ఊళ్ల మీద సముద్రం పడి వేలమందిని తీసుకుపోయింది. మనం లోపలికి ఉన్నాం కాబట్టి మనకు ఉప్పెన రాలేదు, గాలి వచ్చింది. మా గొడ్లసావిడి కప్పు లేచిపోయింది, పడమటి గోడ కూలింది. ఆ గోడ కింద మూడు వారాల పెయ్యదూడ పోయింది. తల్లి గేదె బతికింది.

రెండు పూటలు చూశారు, గేదె చేపలేదు. పట్నాల్లో పుట్టి పెరిగిన పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. గేదె పొదుగు నిండా పాలున్నా, దూడ మూతి తగిలి దాని వాసన సోకితే గానీ వదలదు. అలా వదలడాన్నే చేపడం అంటాం. చేపని గేదె పొదుగు వాస్తుంది, వట్టిపోతుంది. ఇంట్లో ఆ పాలే ఆధారం. నాన్న అందరూ చేసే పనే చేయించారు. దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి, ఎండ కాశాక ఆరబెట్టించి, లోపల వరిగడ్డి కుక్కి కుట్టించారు. కాళ్లకు కర్రలు. కళ్లు లేవు. దాన్ని తెచ్చి గేదె ముందు నిలబెట్టారు.

గేదె దాన్ని వాసన చూసింది. మెడ దగ్గర మొదలుపెట్టి వెన్ను దాకా నాకింది. చేపింది. నేను, మా తమ్ముడు పగలబడి నవ్వాం. "ఎంత పిచ్చిగేదె! గడ్డిని చూసి దూడ అనుకుంటోంది" అని నేనన్నాను. పాలు పితుకుతున్న అమ్మ తలెత్తకుండానే అంది: "దానికి తెలుసురా. తెలిసే ఇస్తోంది."

అంతకు రెండేళ్ల ముందు మాకు చెల్లెలు పుట్టి తొమ్మిదో రోజున పోయింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. నాకు అప్పుడు ఆ రెండింటికీ సంబంధం తట్టలేదు. ఎనిమిదో తరగతి వాడికి ఏం తడుతుంది.

ఇప్పుడు గడ్డి కుక్కిన దూడలు కనపడవు, సూదులొచ్చాయి. ఆ సూదిలో ఉండే ఆక్సిటోసిన్ గేదె మెదడు అడుగున తయారయ్యే పదార్థమే. దూడ స్పర్శకు, వాసనకు అది విడుదలై పాలను కిందికి దింపుతుంది. తల్లికీ బిడ్డకీ మధ్య మమకారం కుదరడంలో కూడా దానికి పాత్ర ఉంది. ఇదే పదార్థం మన తల్లుల్లోనూ, ఏనుగులోనూ, కోతిలోనూ ఉంది. అంతమాత్రాన గేదె దుఃఖపడిందని రుజువు కాదు. దుఃఖపడదనే ధీమాకు మాత్రం కొంత గండి పడుతుంది.

ఇక్కడ మన సైన్సు మాస్టారిని తలుచుకోవాలి. ప్రాక్టికల్ రికార్డులో ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, నిర్ధారణ అని రాయించేవారు గుర్తుందా? పరిశీలనలో నిర్ధారణ రాస్తే పేజీ మొత్తం కొట్టేసేవారు. "కంటికి కనపడింది రాయి. నీకు అనిపించింది కింద రాయి. రెండూ కలిపావో, రెండూ చెడతాయి" అనేవారు. నా రికార్డులో కొట్టేసిన పేజీలే ఎక్కువ. నలభై ఏళ్ల తర్వాత కెమెరా చేతికొచ్చాక గానీ ఆ పాఠం నాకు ఎక్కలేదు. అదీ ఒకసారి నలుగురిలో తల దించుకున్నాకే.

ఈ ఫొటో ఉప్పలపాడులో తీసింది. మనకు దగ్గరే, పెదకాకాని పక్కన. చెరువులో చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా వేశారు, వాటి మీదే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కడతాయి. ఇందులో చూడండి. కింద నీళ్లలో ఒక పిల్ల పడి ఉంది, పైన గూటి అంచున పెద్ద గూడబాతు నోరు తెరిచి, గొంతు సంచి వణుకుతూ నిలబడింది. ఎంత బాగా కుదిరిందో! "తల్లి రోదన" అని పేరు పెట్టి ఒక పోటీకి పంపాను. పంపాక మళ్లీ వెళ్లినప్పుడు అక్కడ గట్టు మీద కూర్చునే పెద్దాయనకు ఫోన్లో చూపించాను. ఆయన నవ్వాడు. "ఏడుపు కాదు బాబూ, ఎండ. వేడికి దవడ కింద సంచి ఆడిస్తాయి. అటు చూడండి" అన్నాడు. చూస్తే పిల్లలు క్షేమంగా ఉన్న గూళ్లలో కూడా పెద్ద పక్షులన్నీ నోళ్లు తెరిచి అదే చేస్తున్నాయి. కుక్క వగర్చినట్టు, గొంతు చర్మం ఆడించి ఒంట్లో వేడి తగ్గించుకుంటాయి. ఆ పిల్ల ఎవరిదో, ఆ పెద్దది దాని తల్లో కాదో కూడా నాకు తెలియదు. పోటీ వాళ్లకు ఉత్తరం రాసి ఫొటో వెనక్కి తీసుకున్నాను. మాస్టారు కొట్టేసిన పేజీల్లో ఇంకోటి చేరింది.

నా ఒక్కడికే జరిగిందా అంటే, కాదు. 2017లో జబల్పూర్‌లో అవినాశ్ లోధీ అనే ఫొటోగ్రాఫర్ ఒక కోతి ఫొటో తీశాడు. మీలో చాలామంది వాట్సాప్‌లో చూసే ఉంటారు. తల్లికోతి చలనం లేని పిల్లను గుండెకు హత్తుకుని నోరు తెరిచి ఆకాశం వైపు చూస్తుంటుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అని ప్రపంచమంతా పంచుకుంది. పిల్ల చావలేదు. తూలిపడి స్పృహ తప్పింది, కాసేపటికి లేచింది. ఈ సంగతి తీసినవాడే చెప్పాడు. అయినా ఆ ఫొటో ఇప్పటికీ "చనిపోయిన బిడ్డ" అనే మాటతోనే తిరుగుతోంది.

దీని మీద మా ఫొటోగ్రాఫర్లలో రెండు జట్లు. అంతా అబద్ధమేనని ఒక జట్టు. నేను అంత దూరం పోను. ఆ క్షణంలో పిల్ల లేస్తుందని తల్లికి తెలియదు గదా? తప్పు ఫొటోది కాదు, దాని కింద రాసిన మాటది. ఫొటో సెకనులో వెయ్యో వంతు చూపిస్తుంది. దుఃఖం అంత సేపట్లో అయిపోయేది కాదు, రోజులు పడుతుంది. అందుకే ఒక్క ఫొటోలో దుఃఖం చూపించానని ఎవరైనా అంటే, ముందూ వెనకా ఏం జరిగిందని నేను అడుగుతాను.

కాకుల మాటా చెప్పాలి. మన ఊరి పేరులోనే కాకి ఉంది గనక తప్పించుకోలేం. కరెంటు తీగకు తగిలి కాకి చచ్చిపడితే క్షణంలో వంద చేరి గోల చేస్తాయి. "చుట్టాలు పరామర్శకొచ్చారు" అని మా నాయనమ్మ అనేది. అమెరికాలో కెయెలీ స్విఫ్ట్, జాన్ మార్జలఫ్ అనే శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ముఖానికి తొడుగు పెట్టుకున్న మనిషి చేతిలో చచ్చిన కాకిని పట్టుకుని నిలబడతాడు. కాకులు చేరి గోల చేస్తాయి. వారాలు గడిచాక అదే తొడుగుతో, చేతిలో ఏమీ లేకుండా వచ్చినా అతన్ని గుర్తుపట్టి అరుస్తాయి. అంటే ఆ గుమిగూడడంలో "ఇక్కడ ప్రమాదం ఉంది, వీడు ప్రమాదం" అని నేర్చుకోవడం ఉంది. పరామర్శ కూడా ఉందేమో, ఆ ప్రయోగం దాన్ని తేల్చలేదు. గుంపు చేరినంత మాత్రాన సంతాప సభ అనుకోకూడదని మాత్రం నేర్పింది. మన సంతాప సభలకు కూడా ఇది కొంత వర్తిస్తుందేమో, పెద్దలు క్షమించాలి.

ఇక నేను చూపించాలని వచ్చింది ఇది. మొత్తం పదకొండు ఫొటోలు, మూడు రోజులవి.

పదేళ్ల కిందట, మార్చి నెల. శ్రీశైలంలో సత్రంలో దిగాం. ఇంట్లో వాళ్లు దర్శనాలకు పోతే నేను శిఖరం వైపు వెళ్లాను. నంది కొమ్ముల మధ్యలోంచి గుడి శిఖరం చూడటానికి జనం వేసే నువ్వుల కోసం, వాళ్ల చేతి సంచుల్లో అరటిపళ్ల కోసం అక్కడ కోతులు తిరుగుతుంటాయి. వాటికి కాస్త దూరంగా చెట్లలో కొండముచ్చుల గుంపు ఒకటి ఉంది. డిజిటల్ కెమెరాలో ఒక సౌకర్యం ఏమిటంటే, ప్రతి ఫొటోకీ తేదీ, గంట, నిమిషం దానంతటదే నమోదవుతుంది. కాబట్టి నేను పరిశీలన మాత్రమే చదువుతాను.

మొదటి రోజు ఉదయం 7:12. రాతిగోడ మీద ఆడ కొండముచ్చు. ఎడమ చంకలో పిల్ల. పిల్ల ఒళ్లు ఇంకా నల్లగానే ఉంది, అంటే పుట్టి ఎంతో కాలం కాలేదు. తల వేలాడుతోంది. 7:31, తల్లి చేత్తో ఈగలు తోలుతోంది. 8:05, పిల్లను తొడ మీద పెట్టుకుని ఆకులు తింటోంది. అవును, తింటోంది. తిండి మానేసిందని రాస్తే బాగుండేది, కానీ మానలేదు. 9:40, ఇంకో రెండు ఆడవి దగ్గరకు వచ్చాయి. ఒకటి చెయ్యి చాచి పిల్లను ముట్టుకుంది. తల్లి పిల్లను లాక్కుని అవతలి గోడ మీదకు దూకింది.

ఇక్కడ ఒక్క మాట. కొండముచ్చుల్లో పిల్ల పుట్టిన మొదటి రోజు నుంచే పిన్నులు, పెద్దమ్మలు దాన్ని తీసుకుని ఎత్తుకు తిరుగుతారు. తల్లి అభ్యంతరం చెప్పదు, తీరిగ్గా మేస్తుంది. మన ఇళ్లలో బాలింతరాలి దగ్గర పిల్లను చేతులు మార్చినట్టే. ఈ తల్లి ఇవ్వలేదు. ఆ మూడు రోజుల్లో నేను చూసిన నాలుగుసార్లూ ఇవ్వలేదు.

రెండో రోజు. ఎండకు పిల్ల ఒళ్లు ఎండిపోయి బిగుసుకుంది. ఉదయం 6:55 ఫొటోలో తల్లి దాన్ని ఒక కాలు పట్టుకుని ఈడుస్తోంది. చెట్టెక్కేటప్పుడు నోట కరుచుకుంటోంది. గుంపు ముందుకు సాగితే ఇది వెనకబడుతోంది. మధ్యాహ్నం 2:20కి కుక్క వచ్చింది. గుంపంతా చెట్లెక్కింది. ఇది పిల్లను నేల మీదే వదిలి పైకి పోయింది. కుక్క పిల్లను వాసన చూసి వెళ్లిపోయింది. 2:31కి తల్లి కిందికి దిగి, పిల్లను తీసుకుని, మళ్లీ ఎక్కింది. పదకొండు నిమిషాలు. ఈ పదకొండు నిమిషాల్లో నేను ఒక్క ఫొటో కూడా తీయలేదని ఇంటికొచ్చాక చూసుకుంటే తెలిసింది.

చచ్చిపోయిందని తెలియకే మోస్తుందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. బాలింత ఒంట్లో ఉండే హార్మోన్ల బలం వల్లనని, ఎండ ప్రాంతాల్లో శవం కుళ్లకుండా ఎండిపోవడం వల్లనని కూడా అంటారు. కొట్టిపారేసే మాటలు కావవి. కానీ మరో పరిశీలన ఉంది. బతికున్న పిల్ల తల్లి పొట్టను దానంతటదే కరుచుకుని ఉంటుంది. ఏ తల్లీ బతికున్న పిల్లను కాలు పట్టుకుని ఈడవదు. ఈమె ఈడ్చింది, నోట కరిచింది, తినేటప్పుడు మూట దించినట్టు పక్కన దించింది. అంటే ఇది మామూలు పిల్ల కాదని ఆమె చేతులకు తెలుసు. తెలిసీ కుక్క వెళ్లాక దిగి వచ్చింది. నాకు మా గొడ్లసావిడి గుర్తొచ్చింది.

బార్బరా కింగ్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త 2013లో జంతువుల దుఃఖం మీదే ఒక పుస్తకం రాశారు. ఆమె పెట్టిన కొలత నాకు నచ్చింది. కన్నీళ్లు వెతకొద్దు. చావు తర్వాత ఆ జంతువు మామూలు నడవడి మారిందా, తిండీ నిద్రా తోటివాళ్లతో మెలగడం మారాయా, ఆ మార్పు కొంతకాలం నిలిచిందా, అందులో బాధ కనపడుతోందా అని చూడమంటారు. డార్విన్ 1872లోనే మనుషుల, జంతువుల ఉద్వేగాల మీద పెద్ద గ్రంథం రాశాడు, అందులో ఫొటోలు కూడా వేశాడు. తర్వాత దాదాపు వందేళ్లు ఆ మాటెత్తితే శాస్త్రం కాదన్నారు. ఇప్పుడు మళ్లీ మొదలైంది. మనకైతే ఆదికావ్యమే ఒక పక్షి ఏడుపుతో మొదలైంది. బోయవాడు క్రౌంచ పక్షుల జంటలో ఒకదాన్ని కొడితే రెండోది అరిచింది, అది విని వాల్మీకి నోట శోకం శ్లోకమైంది. అది సారస కొంగేనని పక్షుల గురించి తెలిసినవాళ్లు చాలామంది అంటారు. ఆ కొంగలు జంటగానే బతుకుతాయి మరి.

ఏనుగుల దగ్గరకు వస్తాను. వీటి ఫొటోలు నావి కావు. మన దేశంలోనే సంజీత శర్మ పోఖరేల్, నచికేత శర్మ, రామన్ సుకుమార్ కలిసి 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్లు అడవికి పోయి కూర్చోలేదు. ఏనుగు చావు చూసేంత అదృష్టమో దురదృష్టమో ఎవరికి పదేపదే దొరుకుతుంది? పల్లెల వాళ్లు, తోటల్లో కూలీలు, గార్డులు సెల్‌ఫోన్లతో తీసి యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలు ఏరి, 24 ఘటనలు పరిశీలించారు. తొండంతో తడమడం, కాలితో లేపబోవడం, చుట్టూ కాపలా కాయడం, చచ్చిన గున్నను తల్లి తొండంతో ఎత్తి మోసుకుపోవడం వాటిలో ఉన్నాయి. సెల్‌ఫోన్ పట్టుకుని ఊరికే తిరుగుతారని మనం పిల్లల్ని తిడతాం. ఆ తిరిగేవాళ్లు తీసినవే శాస్త్రానికి పనికొచ్చాయి.

2024లో పర్వీన్ కస్వాన్ అనే అటవీ అధికారి, ఆకాశ్‌దీప్ రాయ్ ఇంకొకటి ప్రచురించారు. ఉత్తర బెంగాల్ తేయాకు తోటల్లో అయిదు గున్నలు కాలువల్లో మట్టి కప్పి ఉండగా దొరికాయి. అయిదూ వెల్లకిలా ఉన్నాయి, కాళ్లు పైకి. గున్నను కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చి కాలువలో దించి మట్టి కప్పాయని వాళ్లు అంటారు. కాలువలో జారిపడితే గట్టు మట్టి కూలి ఉండొచ్చు గదా అని నాలాంటివాడికి అనుమానం రాకపోదు. కానీ ఆ తోటల్లో రాత్రి ఏనుగుల అరుపులు విన్నవాళ్లున్నారు. తర్వాత ఆ గుంపులు ఆ దారి మానేసి వేరే దారిన పోయాయి. నిర్ధారణ ఇంకా రాయకూడదు. పరిశీలన మాత్రం బలంగా ఉంది.

సముద్రంలోనూ ఉంది. 2018 జూలైలో అమెరికా, కెనడా పడమటి తీరంలో జె35 అనే ఓర్కా తిమింగలానికి పిల్ల పుట్టి అరగంటలో పోయింది. తల్లి ఆ శవం మునిగిపోకుండా ముట్టెతో ఎత్తిపట్టుకుని 17 రోజులు, సుమారు 1600 కిలోమీటర్లు ఈదింది. పరిశోధకులు పడవల్లోంచి రోజూ ఫొటోలు తీశారు కాబట్టే ఆ లెక్క మనకు తెలిసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే తల్లికి ఇంకో పిల్ల పోయింది. మళ్లీ అలాగే మోసింది.

ఇక మన రాష్ట్రం. 2023 మే 12న పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేచోట పడి చనిపోయాయి. అంతకు ముందు ఆ గుంపులో ఆరు. పేపర్లలో పడిన ఆ ఫొటో నేను ఇక్కడ చూపించను. పొలంలో పడి ఉన్న ఆ నాలుగింటినీ జనం చుట్టూ నిలబడి చూస్తున్న ఫొటో అది. నేను ఎప్పుడు ఆ ఫొటో చూసినా ఫ్రేములో లేని రెండింటి గురించే ఆలోచిస్తాను. ఆ రాత్రి అవి ఎంతసేపు అక్కడ నిలబడ్డాయి? ఏనుగు చావు దగ్గర ఏనుగులు గంటల తరబడి ఉండడం కొన్ని చోట్ల చూశారు. ఇక్కడ తెల్లవారేసరికి మనం వెళ్లి నిలబడ్డాం. అవి ఉండాల్సిన చోట మనం ఉన్నాం.

చెప్పిన పులి ఇప్పుడు. అదే ఏడాది మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి పిల్లలు ఊరి పక్కనే దొరికాయి. నాలుగూ ఆడవే. కుక్కలు చుట్టుముడతాయని ఊరివాళ్లు వాటిని గదిలో పెట్టి కాపాడారు. అటవీశాఖ వాళ్లు తల్లి కోసం అడవంతా గాలించారు, పదుల కొద్దీ కెమెరాలు కట్టారు. తల్లి టి-108 అనే పులి అని గుర్తించారు. రాత్రి పిల్లల్ని బోనులో పెట్టి అడవిలోకి తీసుకెళ్లి ఎదురుచూశారు. తల్లి రాలేదు. చివరికి పిల్లల్ని తిరుపతి జూకు పంపారు.

అప్పుడు మా మిత్రుల గ్రూపులో ఒకాయన "ఇదేం తల్లి?" అని పెట్టాడు. కొండముచ్చు ఫొటోలకు కన్నీళ్ల బొమ్మలు పెట్టింది కూడా ఆయనే. నాకు కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే మనందరం చేసేది అదే. మనకు అర్థమయ్యేలా ఏడిస్తే దేవత అంటాం, కనపడకపోతే రాక్షసి అంటాం. నాలుగు పిల్లల చుట్టూ మనుషుల వాసన, వాహనాల చప్పుడు, దీపాలు. ఆ పులి అడవి అంచు దాకా వచ్చి నిలబడి వెనక్కి పోయిందో, అసలు రాలేదో, ముందే వదిలేసిందో ఏ కెమెరాలోనూ పడలేదు. పరిశీలన గడి ఖాళీ. ఖాళీ గడి కింద నిర్ధారణ రాస్తే మాస్టారు ఊరుకునేవారా?

నా కొండముచ్చు ఫొటోలు చాలాకాలం ఎవరికీ పంపలేదు. గూడబాతు దెబ్బ తిన్నవాణ్ని గదా. ఎనిమిదేళ్ల కిందట అమ్మకు కంటి ఆపరేషన్ అయ్యాక, చూపు బాగా వచ్చిందో లేదోనని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి అవీ ఇవీ చూపిస్తున్నాను. గూడబాతులు చూసి సంబరపడింది. ఈ ఫోల్డరు పొరపాటున తెరుచుకుంది. మూసేయబోతే చెయ్యి పట్టుకుంది. పదకొండూ చూసింది. ఒక్కోదాని మీద ఎంతసేపు ఆగిందో!

"ఎన్నాళ్లు మోసింది?"

"నేను చూసింది మూడు రోజులమ్మా. అంతకు ముందు ఎన్నాళ్లో తెలీదు."

"ఎక్కడ పెట్టింది?"

మూడో రోజు మధ్యాహ్నం నుంచి తల్లి దాన్ని దించి కొంచెం దూరం పోయి మేసి, వచ్చి చూసుకుని, మళ్లీ పోతోంది. ప్రతిసారీ దూరం పెరుగుతోంది. చివరికి రెండు బండల మధ్య నీడలో దించి, కాసేపు పక్కనే కూర్చుంది. నేను అప్పటికే కెమెరా సంచిలో పెట్టేశాను. అదే అమ్మకు చెప్పాను, అక్కడి ఫొటో లేదని కూడా చెప్పాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన పాపకు పేరు కూడా పెట్టలా. పదకొండో రోజున పెడదామనుకున్నాం" అంది. నలభై ఏళ్లలో మా ఇంట్లో ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. "మీ నాయనమ్మ నా చేతుల్లోంచి తీసుకుపోయింది. ఎక్కడ పెట్టారో అడగలేదు, నాకు చెప్పలేదు." మళ్లీ తెర వైపు తిరిగి, "దీన్ని ఎవరూ తొందరపెట్టలేదు, నయం" అంది.

నేను మాస్టారి శిష్యుణ్ని. అమ్మ చెప్పిందాన్ని ఏ గడిలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు. ఆమె రెండేళ్ల కిందట పోయింది. ఈ ఫొటోలు మొదటిసారి బయట చూపించడం ఇదే. మన బడిలో, మన వాళ్ల మధ్య చూపిద్దామనిపించింది.

ఇది ఆఖరిది. మూడో రోజు సాయంత్రం 4:50. కెమెరా మళ్లీ బయటికి తీసి దూరం నుంచి తీశాను, అందుకే కొంచెం అదిరింది. గుంపు గోడ దాటి లోయవైపు పోతోంది. ఎడమ నుంచి మూడోది ఆమె. చేతులు చూడండి. రెండూ నేల మీదే ఉన్నాయి.

బాబూ, ఇక లైట్లు వేయండి.